చెమ్మ లోపలి నుంచా, బయటి నుంచా?

ముప్పై ఎనిమిదేళ్ల తాపీ మేస్త్రి. పుట్టింది, పెరిగింది ఒడిశాలోని రాయగడలోనే. తాతల ఊరు పార్వతీపురం పక్క పల్లె. ఇంట్లో తెలుగు, పనిలో ఒడియా, కొండల మీద నుంచి వచ్చే కూలీలతో కాస్త కువి. బీపీ లేదు, షుగర్ లేదు, బీడీ ముట్టడు. రోజుకు మూడు నాలుగు సార్లు గుడాకు మాత్రం తప్పదు. బయటి ప్రాంతాల వాళ్లకు తెలియకపోవచ్చు, గుడాకు అంటే పొగాకులో బెల్లప్పాకం కలిపి చేసే ముద్ద. పళ్లు తోముకునే నెపంతో చిగుళ్లకు రాసుకుంటారు. "పొగాకు అలవాటు ఉందా?" అని అడిగితే లేదనే చెప్తారు. గుడాకు పేరు పెట్టి అడగాలి.

అతని అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. ఈ కేసులో మొదట పొరబడిన వాళ్లలో నేనూ ఉన్నాను, ఆ సంగతి మాత్రం మార్చలేదు.

జులై చివర. నాలుగు రోజులుగా జ్వరం, ఒళ్లు నొప్పులు. మందుల షాపులో ఇచ్చిన పారాసిటమాల్ వేసుకుంటూ పనికి వెళ్తూనే ఉన్నాడు. అయిదో రోజు తెల్లవారుజామున మూడింటికి గుండెల్లో పట్టేసినట్టై మెలకువ వచ్చింది. గ్యాస్ అనుకుని సోడా తాగాడు, వాముపొడి నమిలాడు. నొప్పి తగ్గుతూ పెరుగుతూ ఉంది. నా దగ్గరికి వచ్చేసరికి పగలు పదకొండు దాటింది, అంటే ఎనిమిది గంటలు ఆలస్యం. అప్పటికి నొప్పి చాలావరకు తగ్గింది. బీపీ 110/70, నాడి 96, జ్వరం 100.4. ఈసీజీలో ఎడమ పక్క లీడ్లలో గీత అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా లేచి ఉంది. గుండెపోటు అని బల్లగుద్ది చెప్పేంత లేదు, వదిలేసేంత తక్కువా కాదు. ట్రోపోనిన్ అంటే గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే పదార్థం, దాన్ని పట్టే కార్డు మీద రెండో గీత స్పష్టంగా పడింది.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్ ఇచ్చి హెపారిన్ మొదలుపెట్టాను. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అని అరగంట తటపటాయించాను. నొప్పి తగ్గిపోతోంది, ఈసీజీ ఆ ఇంజెక్షన్‌కు కావలసిన కొలతకు రాలేదు, జ్వరం ఉంది. ఇవ్వలేదు. ఎకో చేసి చూస్తే గుండె పంపింగ్ 50 శాతం దగ్గర ఉంది. పక్క గోడ కాస్త బద్ధకంగా కదులుతున్నట్టు అనిపించింది. అనిపించింది అంతే, ఎవరైనా నిలదీస్తే ఒప్పించలేను.

మధ్యాహ్నానికి అంబులెన్సులో విశాఖ పంపించాం. అక్కడ ఒక ఆసుపత్రిలో ట్రోపోనిన్ 4,800 వచ్చింది. ఆ ల్యాబులో మగవాళ్లకు గరిష్ఠ పరిమితి 34. మర్నాడు యాంజియో చేసి 'రక్తనాళాలు నార్మల్' అని రాశారు. ఒంట్లో వాపును సూచించే సీఆర్‌పీ ఎక్కువగా ఉంది. మలేరియా, డెంగీ, స్క్రబ్ టైఫస్ పరీక్షల్లో ఏమీ లేవు. మూడో రోజుకు నొప్పి లేదు. డిశ్చార్జ్ కాగితం మీద 'వైరల్ మయోకార్డైటిస్' అని రాసి రక్తం పలచన చేసే మందులు, కొలెస్ట్రాల్ మందు ఆపేశారు. మయోకార్డైటిస్ అంటే గుండె కండరానికి వచ్చే వాపు.

ఆ కాగితం చూసి నాకూ తృప్తిగానే అనిపించింది. జ్వరం వచ్చింది, వయసు తక్కువ, నాళాలు బాగున్నాయి, ఇంకేం కావాలి? వానాకాలంలో ఈ కొండ ప్రాంతంలో జ్వరంతో వచ్చిన మనిషికి ఏ అవయవం దెబ్బతిన్నా ముందు జ్వరం మీదే నేరం మోపడం మాకు అలవాటు. చాలాసార్లు అది నిజమే అవుతుంది, అందుకే అలవాటైంది. కానీ జ్వరానికి ఇంకో పని కూడా తెలుసు. ఫ్లూ అని పరీక్షలో తేలిన వాళ్లకు తర్వాతి వారం రోజుల్లో అసలైన గుండెపోటు వచ్చే అవకాశం సుమారు ఆరు రెట్లు ఉంటుందని కెనడాలోని ఒంటారియోలో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనం చూపింది. అంటే ముందు జ్వరం వచ్చినంత మాత్రాన వాపే అని తేలదు. ఈ సంగతి చదివి ఉన్నాను. ఆ రోజు మాత్రం గుర్తు రాలేదు.

ఎనిమిదో రోజు మళ్లీ చూపించుకోవడానికి వచ్చాడు. పనికి వెళ్లొచ్చా అని అడగడానికే వచ్చాడు నిజానికి. ఈసీజీలో ఎడమ పక్క లీడ్లలో టీ తరంగాలు తిరగబడి ఉన్నాయి. అది గుండెపోటులోనూ, మయోకార్డైటిస్‌లోనూ జరిగేదే. అలవాటు కొద్దీ మొదటి రోజు నొప్పి గురించి మళ్లీ అడిగాను. ఈసారి భార్య చెప్పింది.

"నిద్దట్లోంచి లేచి కూకుండిపోయాడు బాబూ. బనీను పిండితే నీళ్లు కారాయి, అంత చెమట. ఎడం చెయ్యి బరువెక్కిపోయిందన్నాడు."

"పడుకుంటే ఎక్కువయ్యేదా? ముందుకు వంగితే తగ్గేదా?"

"ఎలాగున్నా ఒకేలా ఉండీది."

మొదటి రోజు కేసు షీటు తీసి చూశాను. 'ఛాతీ నొప్పి, 8 గంటలు, జ్వరం' అని నా చేతిరాతే. చెమట గురించి లేదు, చెయ్యి గురించి లేదు. అడగలేదు కాబట్టి రాయలేదు. గుండె చుట్టూ ఉన్న పొరకూ వాపు వస్తే నొప్పి సాధారణంగా పడుకున్నప్పుడు, గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు ఎక్కువవుతుంది. ఇతనిది అలా లేదు. అలా లేకపోయినా మయోకార్డైటిస్ కావచ్చు, కానీ నా నమ్మకం సడలింది.

ట్రోపోనిన్ గురించి ఇక్కడ ఒక మాట. అది గుండె కండరం దెబ్బతిన్నదని చెప్తుంది, ఎందుకు దెబ్బతిన్నదో చెప్పదు. గుండెపోటుకు 2018లో వచ్చిన నాలుగో సార్వత్రిక నిర్వచనం 'కండరానికి గాయం' వేరు, 'గుండెపోటు' వేరు అని పట్టుబట్టింది అందుకే. యాంజియో సంగతీ అలాంటిదే, అది నాళం లోపలి దారిని చూపిస్తుంది, కండరాన్ని చూపించదు. గుండెపోటు లక్షణాలతో వచ్చి, యాంజియోలో ఎక్కడా సగానికి మించిన అడ్డు కనపడని వాళ్లు గుండెపోటు కేసుల్లో వందకు అయిదారుగురు ఉంటారు. ఈ గుంపుకు మినోకా అని పేరు. పేరు పెట్టారు కదా అని జబ్బు తేలిపోయినట్టు కాదు, వెతకడం అక్కడే మొదలవుతుంది. కారణం కనపడని మినోకా రోగులందరికీ గుండె ఎంఆర్ఐ చేయాలని యూరప్ గుండె వైద్యుల సంఘం 2020 మార్గదర్శకాల్లో గట్టి సిఫార్సు చేసింది. రెండు వారాల్లోపు చేస్తే మంచిది, వారంలోపు అయితే మరీ మంచిది. ఆ తర్వాత కండరంలోని నీరు తగ్గిపోతూ ఉంటుంది, ఆనవాళ్లు చెరిగిపోతాయి. మాకు అప్పటికే ఎనిమిది రోజులు గడిచాయి.

ఎంఆర్ఐ యంత్రం ఉన్న ప్రతిచోటా గుండె తీయలేరు. మెదడు, వెన్నెముక కదలకుండా ఉంటాయి. గుండె నిమిషానికి డెబ్భై సార్లు కొట్టుకుంటుంది, పైగా ఊపిరితో పాటు పైకీ కిందికీ జరుగుతుంది. ఈసీజీతో తాళం కలిపి బొమ్మ తీసే ఏర్పాటు ఉండాలి, గుండెకు తగిన కాయిల్, సాఫ్ట్‌వేర్ ఉండాలి, చదివే రేడియాలజిస్టుకు గుండె మీద పని అలవాటై ఉండాలి. కాబట్టి మళ్లీ విశాఖే. రైల్లో సుమారు నాలుగు గంటలు.

రిక్వెస్టు కాగితం మీద 'మయోకార్డైటిస్ అనుమానం' అని ఒక్క ముక్క రాశాను. గంటలో రేడియాలజిస్టు ఫోన్ చేశారు. "మీరే జవాబు రాసి పంపిస్తే నేనేం చూడాలి సార్?" అన్నారు నవ్వుతూ. నిజమే. నొప్పి మొదలైన తేదీ, సమయం, ట్రోపోనిన్ అంకెలు, ఈసీజీలో ఏ లీడ్లు, యాంజియో రిపోర్టు, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ అన్నీ రాసి మళ్లీ పంపాను. ప్రశ్న కూడా మార్చాను: 'దెబ్బ ఉందా, ఉంటే ఏ పొరలో, ఏ నాళం పరిధిలో?' రేడియాలజిస్టుల దగ్గర మంచి రిపోర్టు కావాలంటే మంచి ప్రశ్న అడగాలని ఇరవై ఏళ్లుగా జూనియర్లకు చెప్తున్న మనిషిని నేను.

తాపీ పనివాళ్లను ఎంఆర్ఐకి పంపేటప్పుడు ఒక సంగతి తప్పనిసరిగా అడగాలి. ఇనుప ఊచలు కోసేటప్పుడు, గ్రైండర్ దగ్గర పనిచేసేటప్పుడు కంట్లో ఇనుప రజను పడిందా అని. కంటి లోపల చిన్న ఇనుప ముక్క మిగిలి ఉన్నా అయస్కాంతం దాన్ని కదిలించి చూపు పోగొట్టగలదు. ఇతనికి రెండేళ్ల కిందట ఒకసారి పడింది, ఊళ్లోనే తీయించుకున్నాడట. 'మొత్తం వచ్చేసిందా' అంటే 'వచ్చేసినట్టే ఉంది' అన్నాడు. ఈ 'ఉంది' మీద మనిషిని యంత్రంలోకి పంపలేం. కళ్లకు ఎక్స్‌రే తీయించాను, ఏమీ లేదు. ఇంకోటి మొలతాడుకున్న తాయెత్తు. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర కట్టించింది, గంట సేపైనా సరే తీయడానికి వీల్లేదని తల్లి పట్టుబట్టింది. చివరికి ఆవిడే విప్పి కొంగున ముడి వేసుకుని స్కాన్ గది బయట కూర్చుంది.

ఊపిరి సంగతి నేనే ముందుగా నేర్పించి పంపాను. ఈ స్కానులో పదేసి పదిహేనేసి సెకన్ల చొప్పున పదుల సార్లు ఊపిరి ఆపాలి. అదీ పీల్చి కాదు, వదిలేశాక ఆపాలి. వదిలాక గుండె ప్రతిసారీ దాదాపు ఒకే చోట నిలుస్తుంది. యంత్రంలో రికార్డు చేసిన ఆదేశాలు ఇంగ్లిషులోనో హిందీలోనో ఉంటాయి. లోపల చీకటి, డబడబమనే చప్పుడు, చెవుల్లో అర్థంకాని భాష. అంతకు ముందు ఒక రోగి ఇలాగే ఆపాల్సిన చోట పీల్చి, పీల్చాల్సిన చోట ఆపి, సగం బొమ్మలు అలికేసుకుని వచ్చాడు. అందుకే ఈసారి టెక్నీషియన్‌కు ఫోన్ చేసి 'గాలి వదులు, ఆపు' అని మైకులో తెలుగులో చెప్పమని అడిగాను. అంతే తేడా, బొమ్మలు అద్దంలా వచ్చాయి.

నొప్పి మొదలైన తొమ్మిదో రోజు స్కాన్. మొత్తం యాభై నిమిషాలు.

మొదట కదిలే బొమ్మలు. పంపింగ్ 52 శాతం. ఎకోలో నాకు 'అనిపించిన' చోటే, ఎడమ జఠరిక పక్క గోడ మధ్య భాగం తక్కువగా కదులుతోంది. గుండె చుట్టూ నీరు లేదు, లోపల గడ్డ లేదు. తర్వాత టీ2 మ్యాపింగ్. కండరంలో నీరు ఎంత చేరిందో ఇది చెప్తుంది. బాగున్న చోట 49 మిల్లీ సెకన్లు, పక్క గోడలో 62. కండరం దెబ్బతింటే పెరిగే ఇంకో కొలత టీ1, అది కూడా అక్కడే పెరిగింది. అంటే గాయం ఉంది, కొత్తది, ఇంకా ఆరలేదు.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే మళ్లీ పొరబడేవాళ్లం. మయోకార్డైటిస్‌ను ఎంఆర్ఐలో గుర్తించడానికి వాడే ప్రమాణాలకు కెనడాలోని లేక్ లూయీజ్ పేరు పెట్టారు. 2009లో వచ్చిన వాటిని 2018లో సవరించారు. సవరించిన దాని ప్రకారం టీ2 వైపు నుంచి ఒక ఆధారం, టీ1 వైపు నుంచి ఒక ఆధారం ఉంటే మయోకార్డైటిస్‌కు బలం చేకూరుతుంది. మా మేస్త్రికి రెండు అంకెలూ పెరిగే ఉన్నాయి. అంకెలు మాత్రమే చూసే వాళ్లయితే ఇతనికి ఆ ముద్ర వేసేయొచ్చు. కానీ కొత్త గుండెపోటులో కూడా ఈ రెండు అంకెలూ పెరుగుతాయి. తేల్చేది అంకె కాదు, గాయం ఆకారం.

ఆ ఆకారాన్ని చూపించేది గాడోలినియం మందు. చేతి నరంలోకి ఎక్కించి పది నుంచి ఇరవై నిమిషాలు ఆగి బొమ్మ తీస్తారు. ఈ మందు బతికున్న కండర కణాల్లోకి వెళ్లదు, కణాల మధ్య ఖాళీలోనే తిరుగుతుంది. కణం చచ్చి గోడ చిరిగితే లోపలికి దూరుతుంది, మచ్చ కట్టిన చోట ఖాళీ ఎక్కువ కాబట్టి అక్కడా నిలిచిపోతుంది. బొమ్మలో ఆరోగ్యమైన కండరం నల్లగా, దెబ్బతిన్నది తెల్లగా మెరుస్తూ కనపడుతుంది. మెరిసేదే చెడ్డ వార్త. మూత్రపిండాలు బాగా పాడైన వాళ్లలో ఈ మందుతో జాగ్రత్తగా ఉండాలి. ఇతని క్రియాటినిన్ 0.9, ఇబ్బంది లేదు.

తెల్లటి పట్టీ పక్క గోడలో కనిపించింది. లోపలి పొర నుంచి మొదలై బయటికి వెళ్లింది. ఒక చోట గోడ మందంలో అరవై శాతం దాకా, దాని పక్కన ముప్పై శాతం దాకా. బయటి పొర నల్లగా, చక్కగా ఉంది.

రక్తనాళాలు గుండెకు బయటి వైపున ఉంటాయి, కొమ్మలు లోపలికి దిగుతాయి. లోపలి పొర రక్తానికి అందరికంటే చివర ఉంటుంది, ఒత్తిడి కూడా దాని మీదే ఎక్కువ. నాళం మూసుకుంటే ముందు చచ్చేది ఆ పొర. అక్కడి నుంచి చావు అలలా బయటికి పాకుతుందని రైమర్, జెన్నింగ్స్ బృందం 1977లో కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో చూపించింది. వైరస్ వల్ల వచ్చే వాపు ఈ క్రమం పాటించదు. అది ఎక్కువగా బయటి పొరలోనో, గోడ మధ్యలోనో ఉంటుంది, లోపలి పొరను వదిలేస్తుంది. ఇతని గాయం లోపలి నుంచి వచ్చింది, ఒకే నాళం కొమ్మ పరిధిలో ఉంది. ఇది గుండెపోటు.

రిపోర్టు రాగానే యాంజియో చేసిన డాక్టరుకు ఫోన్ చేసి సీడీ మళ్లీ చూద్దామన్నాను. విసుక్కోలేదు, అది ఆయన గొప్పతనం. ఈసారి ఎక్కడ చూడాలో తెలుసు కాబట్టి పది నిమిషాల్లో దొరికింది. ఎడమ సర్కమ్‌ఫ్లెక్స్ నాళం నుంచి వచ్చే ఒక పక్క కొమ్మ, కింది నుంచి తీసిన ఒకే ఒక్క కోణంలో, చివర మొండిగా ఆగిపోయి ఉంది. మిగతా కోణాల్లో పక్క కొమ్మలు దాని మీద పడి కప్పేశాయి. అసలే సన్నని కొమ్మ, చివర మూసుకుంటే అక్కడ కొమ్మ ఉండాలని కూడా తట్టదు. లేని దాన్ని చూడడం కష్టం. మొదటిసారి చూసినప్పుడు నాకూ కనపడేది కాదని ఖాయంగా చెప్పగలను.

ఇదంతా మేస్త్రికి ఎలా చెప్పాలా అని తంటాలు పడ్డాను. కంప్యూటర్ మీద బొమ్మ పెట్టి, "ఇది నీ గుండె గోడ. ఇక్కడ చెమ్మ ఎక్కింది. ఈ తెల్లటి చోట పెచ్చులు ఊడిపోయాయి. చెమ్మ ఆరుతుంది, ఊడింది మాత్రం తిరిగి రాదు" అన్నాను.

అతను బొమ్మ వైపు కాసేపు చూసి అడిగాడు. "చెమ్మ లోపల్నుంచొచ్చిందా, బయట్నుంచొచ్చిందా బాబూ?"

"ఎందుకలా అడిగావు?"

"బయట్నుంచైతే వాన. లోపల్నుంచైతే పైపు లీకు. గోడ చూసినప్పుడు మేం ముందు అదే చూస్తాం."

నాకు కాసేపు మాట రాలేదు. జ్వరం అనే వాన చూసి పైపుల సంగతి వదిలేసింది నేను. తర్వాతి నుంచి ఈ బొమ్మలు రోగులకు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా అతని మాటే వాడుతున్నాను. పైపు లీకు కాదు, పైపు పూడిపోవడం అని సరిచేసుకుని.

వైద్యం మొత్తం మారింది. ఆస్పిరిన్ మళ్లీ మొదలైంది, క్లోపిడోగ్రెల్ బదులు ఈసారి టికాగ్రెలోర్, అది ఏడాది పాటు. అటోర్వాస్టాటిన్ పూర్తి మోతాదులో, కొద్దిగా బీటా బ్లాకర్, రామిప్రిల్. కొమ్మ చిన్నది, దెబ్బ పడిపోయింది, నొప్పి లేదు కాబట్టి స్టెంట్ ఆలోచన చేయలేదు. గడ్డ వేరే చోటి నుంచి కొట్టుకొచ్చిందేమోనని ఇరవై నాలుగు గంటలు గుండె లయను రికార్డు చేసే హోల్టర్ పెట్టాం, బుడగలతో ఎకో చేశాం. గుండె లయ సరిగ్గానే ఉంది, గదుల మధ్య రంధ్రం లేదు. నాళంలోనే చిన్న కొవ్వు గడ్డ చిట్లి ఉంటుందని నా అంచనా. గుడాకు, జ్వరం రెండూ దానికి తోడయ్యాయని కూడా అనుకుంటున్నాను, నిరూపించలేను. ఎంఆర్ఐ చేయకపోయి ఉంటే ఈ మందులేవీ లేకుండా, 'వైరస్ వచ్చి పోయింది' అనే ధైర్యంతో మళ్లీ ఎండలో ఇటుకలు మోసేవాడు.

ఆ అరవై శాతం మచ్చ గురించి ఇంట్లో వాళ్లకు చాలా టెన్షన్. 2000లో కిమ్ బృందం నాళాలకు మరమ్మతు చేయించుకున్న రోగుల మీద చూపించినదాని ప్రకారం, మచ్చ గోడ మందంలో పావు వంతు లోపు ఉంటే కండరం తేరుకునే అవకాశం బాగుంటుంది, ముప్పావు దాటితే దాదాపు ఉండదు. ఇతనిది మధ్యలో ఉంది. కానీ మొదటి రోజుల్లో వాపు వల్ల మచ్చ అసలు కన్నా పెద్దగా కనపడుతుంది, వారాలు గడిచేకొద్దీ కుంచించుకుపోతుంది. కాబట్టి ఆ అంకెను శిలాశాసనంలా తీసుకోవద్దని చెప్పాను.

ఈ కేసు చదివి ఛాతీ నొప్పి వచ్చిన అందరికీ ఎంఆర్ఐ రాయకండి. ఈసీజీ స్పష్టంగా ఉంటే గడియారం చూసుకుని నాళం తెరిపించడమే పని, అక్కడ స్కాను కోసం ఆగడం నేరం. ఎకోలో, యాంజియోలో కారణం కళ్లెదుట ఉన్నప్పుడు కూడా అక్కర్లేదు. ట్రోపోనిన్ పెరిగి, నాళాలు శుభ్రంగా కనపడి, కథ ఎక్కడో అతకనప్పుడు మాత్రం వారం తిరక్కముందే పంపండి. ఆ రోజు స్కానుకు, ప్రయాణానికి అయిన ఖర్చు అతని రెండు నెలల కూలీ. బావమరిది అప్పు ఇచ్చాడు. నేను మొదటి రోజే చెమట గురించి అడిగి ఉంటే ఖర్చు తగ్గేది కాదు గానీ, ఆరు రోజులు మందుల్లేకుండా ఉండేవాడు కాదు.

ఆరు నెలలకు ఎకోలో పంపింగ్ 56 శాతం. ఎంఆర్ఐ మళ్లీ చేయించలేదు. చేస్తే మచ్చ ఎంత తగ్గిందో తెలిసేది, వైద్యం మాత్రం మారేది కాదు, అప్పు పెరిగేది. చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ 62. గుడాకు మానేశానంటాడు. భార్య పక్కనుంచి తల అడ్డంగా ఊపుతుంది. రోజుకు ఒకసారికి దిగిందని తర్వాత ఒప్పుకున్నాడు. పోయిన నెల వచ్చినప్పుడు పరంజా ఎక్కొచ్చా అని అడిగాడు. ట్రెడ్‌మిల్ మీద తొమ్మిది నిమిషాలు నడిపించి చూసి, ఒక అంతస్తు దాకా ఎక్కు, బరువులు కుర్రాళ్లతో మోయించు అన్నాను. రెండు అంతస్తులకు బేరం ఆడుతున్నాడు.